ఏ సినిమాకైనా సరిపోయే మాటలు

మైకు సాయిబు అంటే తిరువూరులో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు అడిగితే మాత్రం చాలామంది తడుముకునేవాళ్లు. రిక్షా సీటు మీద ఒక పక్కగా కూర్చుని, కాళ్ల దగ్గర బ్యాటరీ, ఒళ్లో యాంప్లిఫయరు పెట్టుకుని, టాపుకు కట్టిన గొట్టం మైకులోంచి బస్టాండు సెంటర్ మొదలు తాలూకా ఆఫీసు దాకా చెప్పుకుంటూ పోయేవాడు. కొత్త సినిమా, బట్టల కొట్టులో తగ్గింపు ధరలు, పంచాయతీ సమితి వాళ్ల పశువుల టీకాలు, తప్పిపోయిన గేదె, రేపు కరెంటు ఉండదన్న సంగతి, అన్నీ ఆయన నోటి నుంచే ఊరికి తెలిసేవి. మైకు సెట్టు సొంతం, రిక్షా అద్దెది. పిలిస్తే పని ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు.

నా బతుకూ అంతే. చెప్పుకోడానికి ఒక దినపత్రికకు విలేకరిని. ఉద్యోగిని మాత్రం కాదు. అచ్చయిన వార్త పొడుగును బట్టి ఏదో వచ్చేది, అచ్చు కాకపోతే అదీ లేదు. జ్వరం వచ్చి మంచమెక్కితే ఆ వారం నేను విలేకరిని కానట్టే. డెబ్బైల చివరి సంవత్సరాలవి. రోజూ సాయంత్రం వార్తల కవరు విజయవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. అక్కడ డెస్కులో ఎవరో దాన్ని సగానికి కోసి, ఖాళీ ఉన్నచోట ఇరికించేవారు. మర్నాడు పొద్దున పేపరు కట్టల్లో అది తిరిగి మా ఊరికి వచ్చేది. పైన ఊరి పేరు ఉండేది. నా పేరు ఉండేది కాదు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఆ మనిషంటే నాకు అసూయగా ఉండేది. మామూలు అసూయ కాదు. ఆయన గొంతు వీధి మొదట్లో వినపడగానే నా పెన్ను ఆగిపోయేది.

ఒక వేసవిలో ఊళ్లో మంచినీళ్ల పంపు చెడిపోతే పది రోజులు తిరిగి, ఆడవాళ్లతో మాట్లాడి, వార్త రాశాను. నాలుగో పేజీలో కింద అచ్చయింది. పంచాయతీ ఆఫీసులో ఒక్కరూ ఉలకలేదు. ఆ మధ్యాహ్నం సాయిబు ఏదో చెప్పుల కొట్టు ప్రచారం చేస్తూ మధ్యలో ఆగి, "అమ్మలారా, పంపు బాగయ్యేదాకా బిందెలు పంచాయతీ ఆఫీసు ముందు పెట్టుకోండి, అక్కడైతే నీడుంటుంది" అన్నాడు. గంటలో అక్కడ బిందెలు బారులు తీరాయి. సాయంత్రానికి మెకానిక్కు వచ్చాడు. మా ఆవిడ బిందె దింపుతూ, "మీ పేపర్లో ఏదో వచ్చిందన్నారు, ఇదేనా?" అంది. వెటకారం కూడా కాదు. నిజంగానే అడిగింది.

ఆయనకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఆస్పత్రి ముందు మైకు ఆపేసేవాడు. కోర్టు నడుస్తుంటే ఆపేసేవాడు. నమాజు వేళ మసీదు వైపు, పరీక్షల రోజుల్లో హైస్కూలు వైపు వెళ్లేవాడు కాదు. ఎవరైనా పోయిన ఇల్లు వస్తే మైకు ఆపడమే కాదు, రిక్షా దిగి, ఆ ఇల్లు దాటేదాకా పక్కన నడిచేవాడు. చావు కబురు చెప్పమంటే చెప్పి ఊరుకునేవాడు, దానికి ఏమీ పుచ్చుకునేవాడు కాదు. దీనివల్ల ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఆయనకు ఎప్పుడూ తెలిసి ఉండాల్సి వచ్చేది. తెలుసుకోవడం నా పని కదా! నేనే టీ కొట్టు దగ్గర కూర్చుని ఆయన్ని అడిగి రాసుకునేవాణ్ణి. ఊళ్లో వార్త ముందు ఆయనకు, తర్వాత నాకు, ఆ తర్వాత పత్రికకు.

ఆయన మాత్రం నన్ను చాలా పెద్దగా చూసేవాడు. ఏ ప్రచారమైనా ముందు కాగితం మీద నాచేత రాయించుకునేవాడు. చదవడం రాకా కాదు, రాయడం రాకా కాదు. "మీరు రాస్తే మాటకి నడుం నిలబడుద్దండీ" అనేవాడు. నేను రాసిచ్చింది చూసుకుని, రిక్షా ఎక్కి, అందులో సగం మార్చేసి చెప్పేవాడు. ఆ మార్చిన సగానికే జనం ఆగి వినేవారు.

అలా ఉండగా సినిమా హాలు ఓనరుగారు మద్రాసు నుంచి టేపు రికార్డరు కొనుక్కొచ్చారు. క్యాసెట్టుది. ముందు ఇంటర్వెల్లో పాటలు వేయడానికి వాడారు. తర్వాత ఒకరోజు నన్ను హాలు దగ్గరికి పిలిచారు.

"ఏమండీ విలేకరి గారూ, మన సాయిబు గొంతు దీంట్లో ఎక్కిచ్చేస్తే ఎలా ఉంటదంటారు? రోజూ ఆయన కోసం కాసుకు కూర్చోడం ఎందుకు? మొన్న శుక్రవారం కొత్త బొమ్మ పడితే ఆయన ఎ.కొండూరులో ఎవడిదో ఎరువుల ప్రచారానికి పోయాడు. నాకు మొదటాట సగం ఖాళీ."

"ఆయన ఒప్పుకుంటాడా?"

"మీరు చెప్తే ఒప్పుకుంటాడు. ఆ మాటలేవో మీరే రాసి పెట్టండి."

అంతే ఆయన అడిగింది. ఆ వారం సినిమాకు నాలుగు మాటలు రాసిస్తే సరిపోయేది. తర్వాతి సినిమాకు మళ్లీ సాయిబు రావాలి, మళ్లీ చెప్పాలి. కానీ ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకున్నాక నాకు వేరే ఆలోచన వచ్చింది. సినిమా పేరు లేకుండా రాశాను. నటుల పేర్లు లేకుండా రాశాను. "మీ అభిమాన తారలు నటించిన మహత్తర చిత్రం. నేడే చూడండి. రోజూ మూడు ఆటలు. సకుటుంబ సపరివార సమేతంగా వచ్చి చూసి ఆనందించండి. ఆలసించిన ఆశాభంగం." పేరు రిక్షాకు కట్టిన బోర్డు మీద ఉంటుంది, పంచే కరపత్రం మీద ఉంటుంది. ఈ మాటలు ఈ వారానికీ సరిపోతాయి, వచ్చే ఏటికీ సరిపోతాయి. ఒక్కసారి చెప్పించుకుంటే ఇక ఆయన్ని పిలిచే పని లేదు.

అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. నేనే కనిపెట్టాను. రాశాక ఒకటికి రెండుసార్లు చదువుకుని, బాగా వచ్చిందనుకున్నాను కూడా.

మర్నాడు సాయిబు టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. నోట్లో కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని ఉన్నాడు, గొంతు కోసం ఎప్పుడూ అదే. నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"విలేకరి గారూ, ఓనరుగారు అడుగుతున్నారు. గొంతు ఆ పెట్లో పెట్టమంటున్నారు. మీరేమంటారు?"

"మంచిదేగా! ఎండలో తిరిగే పని తప్పుతుంది."

"తిరగటం కష్టం కాదండీ. ఒకసారి ఇచ్చేశాక నన్నెందుకు పిలుస్తారని."

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. నా జేబులోనే ఉంది. నేను నవ్వి, "భలేవారే సాయిబు గారూ, సినిమా మారితే మాట మారదా? ప్రతి సినిమాకీ మిమ్మల్నే పిలవాలి. పైగా మీ గొంతు మద్రాసు మిషన్లో ఎక్కిందంటే ఎంత పేరు!" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూసి, "మీరు చెప్తే సరేనండీ" అన్నాడు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

రికార్డింగు సినిమా హాలు పై గదిలో, మ్యాట్నీకి ముందు జరిగింది. ప్రొజెక్టరు ఆపరేటరు తలుపు, కిటికీ మూసి, టేపు రికార్డరు స్టూలు మీద పెట్టాడు. సాయిబు దాని ముందు కూర్చుని రెండుసార్లు దగ్గాడు. తిరువూరంతా వినిపించే మనిషికి ఆ గదిలో మాట పెగల్లేదు. "ఎవరితో చెప్పాలండీ?" అన్నాడు. ఆపరేటరు నవ్వాడు. "పెట్టెతో చెప్పు సాయిబూ, అదేం కరవదు."

చివరికి కిటికీ తెరిపించాడు. కింద రోడ్డు మీద విస్సన్నపేట వైపు నుంచి మామిడికాయల బండ్లు వస్తున్నాయి. బండి తోలేవాళ్ల వైపు చూస్తూ, వాళ్లకే చెబుతున్నట్టు చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. అద్భుతంగా వచ్చింది. నేను రాసిన ఒక్క మాట కూడా మార్చలేదు. అది మొదటిసారి. కాగితం నాకు తిరిగి ఇస్తూ, "బొమ్మ పేరు లేదేంటండీ ఇందులో?" అని అడిగాడు.

"బోర్డు మీద ఉంటుంది కదా" అన్నాను.

"అవును, ఉంటదిలెండి" అన్నాడు.

ఆ తర్వాత రెండు సినిమాలు మారాయి. సాయిబుకు పిలుపు రాలేదు. ఆయన ఒక్కసారి చెప్పిందాన్నే ఆపరేటరు క్యాసెట్టు నిండా మళ్లీ మళ్లీ ఎక్కించాడు. రిక్షాలో సీటు మీద టేపు రికార్డరు, హాలువాళ్లు కొత్తగా కొన్న మైకు సెట్టు పెట్టి తాడుతో కట్టేవారు. లాగేవాడు ఒక్కడే ఉండేవాడు. మొదట్లో జనం ఖాళీ సీటు చూసి నవ్వేవారు. తర్వాత అలవాటు పడిపోయారు. అది చూసి బట్టల కొట్టువాళ్లు కూడా టేపు సంగతి అడగడం మొదలుపెట్టారు. సాయిబు మైకు సెట్టు సైకిలు వెనక కట్టుకుని గంపలగూడెం, ఆ పక్క పల్లెలు తిరిగేవాడు. పని దొరికిన రోజు దొరికేది. దొరకని రోజు టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. ఎదురుగా రోడ్డు మీద తన గొంతు వెళుతూ ఉండేది.

"ఏం సాయిబూ, నువ్వు ఇక్కడున్నావు, అక్కడా ఉన్నావు! కవలలా?" అని టీ కొట్టువాడు అడిగేవాడు.

"వాడు మా తమ్ముడు. నాకంటే బుద్ధిమంతుడు, టీ తాగడు" అనేవాడు సాయిబు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

నా అసూయ తీరిందా అంటే, తీరలేదు. ఊళ్లో మోగే గొంతు ఆయనదే కదా. మనిషి పక్కన ఊరికే కూర్చుని ఉన్నా సరే, అది వినపడగానే నాకు మునుపటిలాగే ఉండేది. ఆయన పని పోతే జనం నా వార్తలు చదువుతారని ఎక్కడో అనుకున్నానేమో. వాళ్లేమీ కొత్తగా చదవలేదు.

ఆ మధ్యే మా వీధిలో కిరాణా కొట్టు పెద్దాయన పోయాడు. అప్పు అడిగితే లేదనని మనిషి, అందుకని ఊరంతా కదిలింది. పొద్దున్నే సాయిబు సొంతంగా రిక్షా మాట్లాడుకుని, మైకు కట్టించి, ఆ కబురు నాలుగు సెంటర్లలో చెప్పి వచ్చాడు. పదిగంటల వేళ ఇంటి ముందు పందిరి కింద శవాన్ని ఉంచారు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. మగవాళ్లం రోడ్డు వారగా నిలబడ్డాం. సాయిబు నాకు రెండు మూరల దూరంలో, తల మీద రుమాలు వేసుకుని నిలబడి ఉన్నాడు.

అప్పుడు వీధి మలుపులో రిక్షా వచ్చింది. లాగేవాడు కొత్తవాడు, పొరుగూరి మనిషి. పందిరి చూసి రిక్షా అయితే ఆపాడు గానీ టేపు ఆపడం వాడికి తెలియదు. ఏ మీట నొక్కాలో తెలియక చేతులు ఆడిస్తున్నాడు. గొట్టం సరిగ్గా పందిరి వైపు తిరిగి ఉంది.

"నేడే చూడండి! సకుటుంబ సపరివార సమేతంగా వచ్చి చూసి ఆనందించండి! ఆలసించిన ఆశాభంగం!"

ఏడుపు ఆగిపోయింది. అందరి తలలూ ముందు రిక్షా వైపు తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటిగా సాయిబు వైపు తిరిగాయి. ఆయన మూతి బిగించుకుని నిలబడి ఉన్నాడు. ఆయన గొంతు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

పోయినాయన పెద్దకొడుకు వచ్చి, "పొద్దున మా నాయన పోయాడని చెప్పింది నువ్వే, ఇప్పుడు వచ్చి చూసి ఆనందించమంటుందీ నువ్వేనా?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

సాయిబు వెళ్లి తీగ పీకేశాడు. లాగేవాణ్ణి ఒక్క మాట అనలేదు. రిక్షాకు ఒక పక్క చెయ్యి వేసి, ఆ ఇల్లు దాటేదాకా నడిచి వెళ్లాడు.

దహనం అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. "ఒకసారి ఓనరుగారి దగ్గరికి రండి. మీరు పేపరువాళ్లు, మీ మాట వింటారు. ఆ క్యాసెట్టు ఇప్పించండి" అన్నాడు.

వెళ్లాం. ఓనరుగారు పడక కుర్చీలోంచి లేవకుండానే, "ఏంది సాయిబూ, దానికి నేనేం చేయను? లాగేవాడు ఎర్రివాడు. రేపట్నుంచి మీట నేర్పిస్తాలే" అన్నారు.

"మీట కాదండీ. నా గొంతు నాకిచ్చేయండి."

"ఇచ్చింది నువ్వేగా! నేను లాక్కున్నానా? ఏమండీ విలేకరి గారూ, ఈయన ఇష్టపడే ఇచ్చాడు కదా? మాటలు కూడా మీరే..." అని నా వైపు చూశారు.

నేను గోడ మీద కొత్త సినిమా పోస్టరు చూస్తున్నాను. హాల్లో నాకు ఎప్పుడూ టికెట్టు లేని కుర్చీ ఉండేది. ఓనరుగారి ప్రకటనలు పత్రికకు నా చేతుల మీదుగానే పోయేవి. ఇవన్నీ నేను అప్పుడు ఆలోచించానని చెప్పలేను. నోరు మాత్రం తెరవలేదు.

సాయిబు ఇద్దరినీ చూసి, "సరేనండీ, వస్తా" అని మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం బస్సుకు కవరు ఇద్దామని బస్టాండు సెంటర్లో నిలబడి ఉన్నాను. సాయిబు గొంతు వినపడింది. టేపు అనుకున్నాను. తలెత్తి చూస్తే రిక్షాలో మనిషి ఉన్నాడు.

"తిరువూరు పెద్దలకీ తల్లులకీ చెప్పుకునేది. పొద్దున శవం ముందు అరిచింది నా గొంతే. అరిచింది నేను కాదు. ఆ గొంతు నేను ఇష్టపడే ఇచ్చాను, ఎవరూ లాక్కోలేదు, తప్పు నాది. పోయినాయన ఇంటివాళ్లు నన్ను క్షమించాలి. ఇక మీదట రిక్షాలో నేను కనపడితేనే అది నా మాట. సీటు ఖాళీగా ఉంటే ఆ మాట నాది కాదు, నమ్మమాకండి."

కొట్లలోంచి జనం బయటికి వచ్చారు. బస్సులో వాళ్లు కిటికీల్లోంచి తొంగిచూశారు. పందిట్లో మాట్లాడిన పెద్దకొడుకు కూడా మంగలి షాపు పక్కన నిలబడి విన్నాడు. నేను అలవాటు కొద్దీ నోటు పుస్తకం తీసి రాసుకుంటున్నాను. కోయడానికి ఒక్క మాట లేదు అందులో. తర్వాత నేనూ విజయవాడ డెస్కుకే వెళ్లి, ఇన్నేళ్లు ఇతరుల రాతలు కోశాక కూడా ఆ మాటే అంటాను. అలాంటప్పుడు కూడా, నా మూలంగా పని పోగొట్టుకుని నా తప్పు కూడా తన మీద వేసుకుంటున్న మనిషిని చూస్తూ కూడా, నాకు ముందు పుట్టింది అసూయే. అంత సులువుగా అంతమంది ముందు 'తప్పు నాది' అని ఎలా అనగలిగాడు!

ఆయన నన్ను చూశాడు. రిక్షా ఆపించి, మైకు నా వైపు చాచాడు.

"మీరు కూడా ఒక మాట చెప్తారా విలేకరి గారూ?"

కోపంగా లేదు ఆ అడగడం. ఎదురుగా మనిషి ఉంటే మైకు ఇవ్వడం ఆయనకు మర్యాద. ఆయనకు ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మైకు తీసుకున్నాను. చల్లగా, అనుకున్నదాని కన్నా బరువుగా ఉంది.

"ఆ టేపులో... ఆ మాటలు... సినిమా పేరు లేకుండా రాసింది... నేను. ఈయన మళ్లీ మళ్లీ రావలసిన అవసరం లేకుండా ఉండాలని..."

"గట్టిగా చెప్పండీ, వినపట్టల్లా!" అని బస్సులోంచి ఎవరో అరిచారు.

"పేపరాయన ఏదో అంటున్నాడు, ఏంటంట?" అని ఇంకొకరు.

నేను మళ్లీ మొదలుపెట్టాను. మైకు మరీ దగ్గరగా పెట్టుకున్నానేమో, గొట్టం కీచుమంది. జనం చెవులు మూసుకున్నారు. సాయిబు నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని, నా మొహం వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత సెంటర్ వైపు తిరిగి చెప్పాడు.

"విలేకరి గారు చెప్పేదేంటంటే, ఆ పెట్టెలో మాటలు ఆయన రాశారంట. ఏ బొమ్మకైనా సరిపోయేటట్టు రాశారంట, నన్ను పిలిచే పని లేకుండా. అది తప్పని ఆయనే చెప్తున్నారు."

ఇప్పుడు అందరికీ వినపడింది. కొందరు నవ్వారు. టీ కొట్టువాడు నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. విజయవాడ బస్సు బయల్దేరిపోయింది. కవరు నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు టేపు రిక్షా బయటికొస్తే వీధి వీధినా జనం "మనిషేడయ్యా?" అని అడిగారట. లాగేవాడు మధ్యాహ్నానికే బండి తిప్పుకుని హాలుకు వెళ్లిపోయాడు. తర్వాతి శుక్రవారం సినిమా కోసం ఓనరుగారు ముందుగానే సాయిబుకు మనిషిని పంపారు. గంపలగూడెంలో పని ఒప్పుకున్నాను, అది అయ్యాక వస్తానన్నాడట. ఓనరుగారు ఆగారు.

ఆ శుక్రవారం నేను ఇంట్లో కూర్చుని, పంచాయతీ మీటింగు వార్త రాస్తూ, ఆయన మా వీధిలోకి రావడం విన్నాను. ప్రతి సినిమాకూ ముందు కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చే మనిషి ఈసారి రాలేదు. మాటలన్నీ సొంతవే. నడుం ఎక్కడా వంగలేదు. సినిమా పేరు మూడుసార్లు చెప్పాడు. పెన్ను పక్కన పెట్టి, గొంతు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా విన్నాను. పంచాయతీ వార్త ఆ రోజు బస్సుకు అందలేదు.